ఏ ఊరి బోనాలు

ఫెలోషిప్‌లో చేరిన మొదటి వారంలోనే మీ చేతికి వాంగ్మూలం కాగితాల కట్ట ఒకటి ఇస్తారు. అందులో ఆరో గడిలో ‘సంఘటన జరిగిన తేదీ’ అని ఉంటుంది. మా బ్యాచ్‌కి ఇచ్చిన కాగితాల్లోనూ అదే గడి, అదే చోట ఉండేది. కొత్తగా వచ్చిన మీ కోసం పాతవాళ్లని తలా ఒక అనుభవం రాసిమ్మన్నారు. మిగతావాళ్లు గెలిచిన కేసుల గురించి రాస్తారనుకుంటాను. నా దగ్గర ఉన్నది ఆ ఆరో గడి ఒక్కటే.

నేను లా చదివాను. నల్లకోటు కూడా కుట్టించుకున్నాను. అది ఇప్పటికీ కొత్తగానే ఉంది. నలుగురు చూస్తుండగా లేచి నిలబడి మాట్లాడాలంటే నాకు గొంతు పూడుకుపోతుంది. చిన్నప్పుడు క్లాసులో హాజరు పిలిచినా పక్కమ్మాయి నా తరఫున పలికేది. ఇంట్లో మాత్రం ఒక అలవాటు ఉండేది. రోజూ డైరీ రాసేదాన్ని. పుస్తకాల్లో మంచి వాక్యం కనబడితే ఎర్ర పెన్సిలుతో కింద గీత గీసేదాన్ని. నా డైరీలో నాకు నచ్చిన వాక్యాల కింద కూడా గీసుకునేదాన్ని. కొంచెం సిగ్గుపడే విషయమే గానీ, ఈ కథకి అవసరం కాబట్టి చెబుతున్నాను.

మా నాన్నది బ్యాంకు ఉద్యోగం. తెనాలి వైపు నుంచి బదిలీ మీద వచ్చి, నాగారంలో స్థలం కొని ఇల్లు కట్టారు. మా కాలనీలో అందరూ మాలాగే అటు నుంచి వచ్చినవాళ్లు. బోనాలంటే మాకు పేపర్లో వచ్చే రంగుల ఫోటో, సికింద్రాబాద్ వెళ్లకూడని ఆదివారం. అంతకు మించి తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు.

తొంభైల చివర్లో, మానవ హక్కుల కోసం పనిచేసే లాయర్లకీ కార్యకర్తలకీ ఏడాది ఫెలోషిప్ ఇస్తున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో మా మార్గదర్శకురాలు, ఊళ్లో పేరున్న సీనియర్ లాయరు, నా వైపు చాలాసేపు చూసి, “నువ్వు మాట్లాడవా అమ్మా?” అని అడిగారు.

“రాస్తానండి,” అన్నాను.

ఆవిడ నవ్వారు. ఆ ఒక్క మాట మీదే తీసుకున్నారని తర్వాత చెప్పారు. మేమంతా ఆవిడని మేడమ్ అనేవాళ్లం.

ఆఫీసు మేడ్చల్ బస్టాండు వెనక, ఒక పురుగుమందుల దుకాణం పైన. రెండు గదులు, ఒక టైపు మిషను, గోడకి ఆ దుకాణంవాళ్లే ఇచ్చిన క్యాలెండరు. ఆ క్యాలెండరు గుర్తుపెట్టుకోండి. ఒక్కో లాయరుకి ఒక్కో కార్యకర్తని జతచేసేవారు. మేడ్చల్, శామీర్‌పేట మధ్య ఊళ్లు మా వంతు. నాకు జతపడ్డాయన నాకంటే పదేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచి రాళ్ల క్వారీలో పనిచేసి, అక్కడే కూలీల సంఘం పెట్టిన మనిషి. ఏడో తరగతితో చదువు ఆగింది. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయన మాట్లాడతాడు, నేను రాస్తాను. మా పని పంపకం అదీ.

“మా చెల్లె నోటికెల్లి మాట రావాల్నంటే అర్జీ పెట్టుకోవాలె,” అని ఊళ్లో వాళ్లకి నన్ను పరిచయం చేసేవాడు. “కాని రాసిందంటే అచ్చు గుద్దినట్టే.”

నేను రాసింది ఆయన ఎప్పుడూ చదవలేదు. నా చేతిరాత మీద అంత నమ్మకం.

వానాకాలంలో ఒకరోజు, శామీర్‌పేట దాటాక లోపలికి ఉన్న ఒక ఊరి నుంచి కబురొచ్చింది. కోళ్లఫారంలో పనిచేసే కుర్రాడు క్వారీ గుంటలో నీళ్లలో శవమై తేలాడు. తాగి కాలుజారి పడ్డాడని పోలీసులంటున్నారు. అంతకు ముందు పోలీసులే జీపులో ఎక్కించుకుపోయారని తల్లి అంటోంది. శవం దొరికి అప్పటికి తొమ్మిదో రోజు. అన్న మోపెడ్ తీశాడు. నేను అప్పటిదాకా ఆ బండి ఎక్కలేదు, బస్సులోనే వెళ్లేదాన్ని. ఆ ఊరికి బస్సు లేదు.

ఆ ఇంటి గుమ్మం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. గడప మీద పసుపు చెదిరింది గానీ పూర్తిగా పోలేదు. ద్వారానికి కట్టిన వేపమండలు ముడుచుకుపోయి, కొసల దగ్గర ఇంకా కాస్త పచ్చగా ఉన్నాయి. లోపల ఆ కుర్రాడి తల్లి, అవ్వ, గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన ఆరేళ్ల మనవరాలు. ఆ పిల్ల తల్లి అంతకు రెండేళ్ల ముందే జ్వరమొచ్చి పోయిందట. చుట్టూ ఇరవైమంది దాకా నిలబడి ఉన్నారు. అన్న పోస్ట్‌మార్టం కాగితం కోసం పోయొస్తానని నన్ను అక్కడ దింపి వెళ్లాడు.

నేను కాగితం తీసి కింద కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక పెన్ను మూత తీశాను. అవ్వ నన్ను చూసి తనే మొదలుపెట్టింది.

“బోనాల ఐతారం బిడ్డా. పొద్దుగూకంగ వచ్చిండ్రు. వాడు గప్పుడే డప్పుల కాడికెల్లి వచ్చి కాళ్లు కడుక్కుంటుండె. జీపాగింది. ముగ్గురు దిగిండ్రు. మోటరు ఏడ అమ్ముకున్నవ్ రా అన్నరు. కోళ్లఫారం బోరు మోటరు పోయిందంట. నాకేం ఎరుక సార్ అన్నడు. తడి కాళ్లతోని ఎక్కిచ్చుకోని పోయిండ్రు. చెప్పులు గూడ తొడుక్కోనియ్యలే.”

గుమ్మం పక్కన ఆ చెప్పులు ఉన్నాయి.

“తాగి పడ్డడంటరు. ఆ దినం ఇంత కల్లు తాగిండు, నేను కాదన. గని గుంటల పడేటంత తాగలే. గుంట గీ దిక్కుల ఉన్నదా? జీపుల పోయినోడు గుంట కాడికి ఎట్ల పోయిండు?”

ఆమె ఏడవడం లేదు. మాట మాత్రం ఒకచోట నిలవడం లేదు, ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోతోంది. నేను దాన్ని వరసగా పేర్చుకుంటూ రాస్తున్నాను. ఎన్ని రోజులకి శవం దొరికిందని అడిగితే, “దినాల లెక్క నాకేడిది బిడ్డా, ఠాణా కాడ కూసుంటే పొద్దు ఎప్పుడు పోయిందో ఎప్పుడొచ్చిందో,” అంది.

ఆఖరున నా మోకాలి మీద చెయ్యేసి అంది: “నాకు పైసల్ అద్దు. వాడు దొంగ గాడు, తాగి పడలే, జీపుల తీస్కపోతే వాపస్ రాలే. గీ ముచ్చట సర్కారోళ్ల కాగితంల రాయించు. గీ పోరి బడికి పోతాంది. రేపు దొంగోని బిడ్డ అంటరు.”

ఆ కేసు మొత్తం ఆ మాట కోసమే. మనవరాలు దొంగ కూతురని పిలిపించుకోకూడదు.

ఫెలోషిప్‌లో ఒక కట్టుబాటు ఉంది, మీకూ చెప్పే ఉంటారు. వాంగ్మూలం మొత్తం రాశాక, చెప్పిన మనిషికి పైకి చదివి వినిపించాలి. ఆ వాడకట్టులో ఇరుగుపొరుగు మనుషులు ఇద్దరు వినాలి. ఆ తర్వాతే వేలిముద్ర. ఆరోజు నా చుట్టూ ఇరవైమంది. వాళ్లందరి ముందు, ఆ తల్లి కొడుకు చావుని నా గొంతుతో చదవాలి. “చదవనా అవ్వా?” అని నాకే వినపడనంత చిన్నగా అడిగాను.

“నువ్వు రాసినవ్ గద, సాలు,” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. వేలిముద్ర వేయించుకున్నాను. ఆరో గడి అప్పటికి ఖాళీగా ఉంది. ఐతారమంటే ఆదివారమని నాకు తెలుసు. తారీఖు ఆఫీసులో చూసి వేసుకోవచ్చనుకున్నాను.

ఆఫీసుకి వచ్చి క్యాలెండరు చూశాను. ఒక ఆదివారం కింద ఎర్ర అక్షరాలతో ‘బోనాలు’ అని అచ్చేసి ఉంది. ఆ తారీఖు వేశాను. శవం దొరికిన గురువారానికి లెక్కగడితే పద్దెనిమిది రోజులు వచ్చాయి. పద్దెనిమిది రోజులు ఒక మనిషిని ఏ కాగితమూ లేకుండా పెట్టుకున్నారని రిపోర్టు మొదటి వాక్యంలోనే రాశాను. శనివారం మేము అందరం కూర్చుని రిపోర్టులు చూసుకునేటప్పుడు మేడమ్ నా కాగితం రెండుసార్లు చదివారు.

“పద్దెనిమిది రోజులా? ఆవిడే చెప్పిందా?”

“బోనాల ఆదివారం అని చెప్పిందండి.”

“ఎంత బాగా రాశావమ్మా. మధ్యలో ఎక్కడా ఆగకుండా చదివిస్తోంది.”

మిగతా ఫెలోస్ నా వైపు తిరిగి చూశారు. ఆరోజు డైరీలో ఆ పొగడ్త రాసుకున్నాను. దాని కిందా గీత గీశాను.

విచారణ మూడు నెలల తర్వాత రెవెన్యూ ఆఫీసులో పెట్టారు. పెద్ద గది, పొడవాటి బల్ల, విచారణాధికారి, ఆయన పక్కన గుమస్తా. పోలీసుల తరఫున ఒక వకీలు వచ్చాడు. ఆయనది ఈ చుట్టుపక్కలే ఏదో ఊరు, భూములున్న ఇల్లు. మా వైపు మేడమ్ ముందు కూర్చున్నారు. నేనూ అన్నా వెనక బెంచీలో.

అవ్వని పిలిచారు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని వచ్చింది. వకీలు చాలా మర్యాదగా మాట్లాడాడు.

“అవ్వా, ఈ తారీఖున నీ కొడుకును తీస్కపోయిండ్రని రాసున్నది. నిజమేనా?”

“ఔ సారూ. గా బిడ్డ రాసింది గద,” అని వెనక్కి తిరిగి నన్ను చూపించింది.

“తప్పు గిట్ల లేదు గద?”

“ఆమె సదువుకున్న పిల్ల. తప్పెందుకు రాస్తది. గామె రాసిందే నిజం.”

వకీలు తన సంచిలోంచి కోళ్లఫారం హాజరు పుస్తకం తీశాడు. ఆ తారీఖు తర్వాత రెండు వారాల పాటు, ఒక్క రోజు తప్పకుండా, కుర్రాడి వేలిముద్ర ఉంది. పోలీసులు జీపులో తీసుకుపోయారన్న మనిషి రెండు వారాలు కోళ్లకి దాణా వేశాడు. విచారణాధికారి ఆ పుస్తకాన్ని తిప్పితిప్పి చూశాడు. గుమస్తా రాయడం ఆపాడు.

అన్న నా చెవి దగ్గరికి వంగాడు. “ఆ తారీఖేంది చెల్లె? గది లష్కర్ బోనాలు. గీ ఊర్లల్ల పట్నంల అయినంక, శ్రావణంల జేస్తరు. ఊరి పెద్దలు కూసోని ఐతారం ఏర్పాటు చేసి డప్పు చాటిస్తరు. ఎవన్నడిగి రాసినవ్?”

ఎవరినీ అడగలేదు. క్యాలెండరుని అడిగాను.

లష్కర్ బోనాలంటే సికింద్రాబాద్‌వి. ఈ ఊరివి దానికి రెండు ఆదివారాలు తర్వాత. అంటే కుర్రాడు జీపు ఎక్కింది శవం దొరకడానికి నాలుగు రోజుల ముందు. హాజరు పుస్తకంలో ఆఖరి వేలిముద్ర కూడా దానికి ముందురోజుదే. ఆ పుస్తకం నిజానికి మా వైపు సాక్ష్యం. నేను ఆరో గడిలో వేసిన నాలుగు అంకెలు దాన్ని వాళ్ల వైపుకి తిప్పాయి.

“లేసి చెప్పు,” అన్నాడు అన్న. “నీ తప్పేనని చెప్పు. గిప్పుడే చెప్పాలె.”

నేను బెంచీ అంచు పట్టుకున్నాను. అవ్వ ఇంకా అక్కడే నిలబడి, గదిలో ఏం జరుగుతోందో తెలియనట్టు, అందరి ముఖాలూ చూస్తోంది. నా ముఖం కూడా చూసింది. నేను లేవలేదు. అన్న తనే లేచాడు. “సార్, బోనాలంటే…”

“మీరెవరు? లాయరా? సాక్షా? కూర్చోండి,” అన్నాడు విచారణాధికారి.

వకీలుకి ఆ ఊరి బోనాలు ఎప్పుడో తెలియకుండా ఉండదు. ‘ఏ బోనాలు?’ అన్న ఒక్క ప్రశ్న అడగకుండా ఎంత జాగ్రత్తగా నడిచాడో నాకు తర్వాత అర్థమైంది. బయటికి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర నా పక్కనే ఆగి, “మా దిక్కు బోనాలెప్పుడో నన్ను అడిగినా చెప్తుంటి గదమ్మా,” అన్నాడు. నవ్వను కూడా నవ్వలేదు.

మేడమ్ నన్ను తిట్టలేదు. కారులో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటూ, “చదివి వినిపించావా?” అని మాత్రం అడిగారు. లేదన్నాను. ఆవిడ మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నారు.

తేదీ సవరణకి అర్జీ పెట్టాం. కేసు తిరగబడ్డాక తేదీ మార్చుకుంటే ఎవరు నమ్ముతారు? విచారణాధికారి మంచివాడే. “ఆ రోజుల్లోనే రాసిన నోట్సు ఏదైనా ఉంటే చూపించండి. పరిశీలిస్తాను,” అన్నాడు. నోట్సు ఏమీ లేవు. నా డైరీ ఉంది.

ఆ రాత నేను ఆ ఊరి నుంచి వచ్చిన సాయంత్రమే రాసింది. తీసి చూశాను. గడప మీది పసుపు, కొసలు ఇంకా ఎండని వేపమండలు, తడికాళ్లు, చెప్పులు, అన్నీ ఉన్నాయి. మధ్యలో అవ్వ మాట ఒకటి ఉన్నది ఉన్నట్టుగా రాసి పెట్టాను: ‘పట్నపోళ్లయి ఒడిసినంక మాయి అయితయి బిడ్డా. గీయేడు మా పోచమ్మ నా కొడుకును తోల్కపోనీకే వచ్చినట్టున్నది.’ దాని కింద ఎర్ర పెన్సిలు గీత.

అంటే ఆమె చెప్పింది. పట్నంవి అయ్యాక మావి అని నోటితో చెప్పింది. నేను విన్నాను, రాసుకున్నాను, వాక్యం ఎంత బాగుందో అని గీత గీసుకున్నాను. అందులో ఏముందో చూడలేదు. రాయడం చేతనైన వాళ్లకి ఉండే జబ్బు ఇదే. మాట అందంగా ఉంటే అది సమాచారం కూడా అయి ఉంటుందని తోచదు.

డైరీ ఇస్తానని మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ముఖంలో వెలుగు వచ్చింది. ఆ రోజు పేజీ ఇంటికి వెళ్లి మళ్లీ చదివాను. అడుగున రెండు వాక్యాలు ఉన్నాయి. అవి వేరే సంగతి. ఆ రెండింటి మీద తెల్లకాగితం ముక్క కత్తిరించి జిగురుతో అతికించాను. నీటుగా అతికించాను. ఏ పనైనా నీటుగా చేయడం నా అలవాటు.

రెండో విచారణ రోజు మేడమ్ డైరీని బల్ల మీద పెట్టారు. విచారణాధికారి పేజీ మొత్తం చదివాడు. ఒకచోట ఆగి, “పట్నపోళ్లయి ఒడిసినంక,” అని తనలో తాను అనుకున్నాడు. తల కొద్దిగా ఊపాడు. అప్పుడు వకీలు లేచి డైరీ తీసుకుని, ఆ పేజీని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాడు.

“సార్, ఇక్కడ కాగితం అంటించిండ్రు. దీని కింద ఏమున్నదో?”

అందరూ నా వైపు తిరిగారు. నన్ను నిలబడమన్నారు. నిలబడ్డాను.

“నా సొంత విషయమండి,” అన్నాను.

“సొంతమని మీరు అంటున్నరు. తారీఖే ఉన్నదేమో, ఇంకో తీరుగ రాసుకున్నరేమో. మాకేం ఎరుక?”

విచారణాధికారి, “తీసి చూపిస్తే సరిపోతుంది కదమ్మా,” అన్నాడు. మేడమ్ ఐదు నిమిషాలు అడిగి నన్ను వరండాలోకి తీసుకొచ్చారు. అన్న వెనకే వచ్చాడు.

“తీసెయ్యి తల్లీ,” అన్నారు మేడమ్. “ఆయనొక్కడే చదివేలా నేను మాట్లాడతాను. ఒక మనిషి ప్రాణం సంగతి.”

నేను నేల చూస్తున్నాను. అన్న కాసేపు చూసి, తగ్గిన గొంతుతో అన్నాడు: “నా గురించి ఏమన్న రాసినవా చెల్లె? తిట్టినవా? మస్తు సార్లు నిన్ను పరేషాన్ చేసిన, తిడితే తిట్టినవ్ తియ్. నాకేం ఫికర్ లేదు. సదువుకోనీ అందరు.”

చెల్లె అని ఆయన నన్ను మొదటి రోజు నుంచీ పిలుస్తున్నాడు. ఆ క్షణంలో ఆ మాట విని ఉండకపోతే నేను ఆ కాగితం పీకేసేదాన్నేమో. ఇది సాకు అని నాకు తెలుసు.

మీకు ఇప్పుడు చెప్పేస్తాను. ఆ ముక్క కింద ఉన్నది ఇదీ: ‘వచ్చేటప్పుడు గాలికి ఆయన మెడలో తువ్వాలు వచ్చి నా చేతి మీద పడింది. ఊరు దాటేదాకా తీయలేదు.’ ఇంతే. ఆయనకి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, నాకు వదిన కూడా తెలుసు. ఆయనకి ఏమీ తెలియదు, జరిగింది కూడా ఏమీ లేదు. ఈ రెండు వాక్యాలు ఒక రెవెన్యూ ఆఫీసులో, ఆయన ఎదుట, ఒక వకీలు చేతిలో ఉండటం నేను భరించలేకపోయాను. కొడుకు శవాన్ని గుంటలోంచి తీస్తుంటే గట్టు మీద నిలబడి చూసిన మనిషి ఆ పక్క గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది.

లోపలికి వెళ్లాం. “తీయలేనండి,” అన్నాను. నిండు గదిలో నేను గట్టిగా, అందరికీ వినపడేలా పలికిన మొదటి మాట అదే.

విచారణాధికారి డైరీ మూసి నా వైపు జరిపాడు.

నివేదిక ఆరు నెలలకి వచ్చింది. తల్లి వాంగ్మూలం హాజరు పుస్తకంతో పొసగడం లేదని, పోలీసులు తీసుకెళ్లినట్టు రుజువు కాలేదని, మత్తులో ప్రమాదవశాత్తూ నీళ్లలో పడి మరణించాడని రాశారు. మోటరు దొంగతనం అనుమానం సంగతి కూడా ఒక వాక్యం రాశారు. అవ్వ ఏది వద్దని అడిగిందో సరిగ్గా అదే సర్కారు కాగితంలో ఎక్కింది. మేడమ్ పై కోర్టుకి వెళ్లారు. అది ఏళ్ల తరబడి నడిచి, ఒకరోజు చప్పుడు లేకుండా కొట్టేశారు.

నా ఏడాది అయిపోయింది. ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు, వద్దన్నాను. ఇప్పుడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కడ మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉంటుంది. నాకు సరిపోయే ఉద్యోగం దొరికిందని మా నాన్న సంతోషించారు.

కుర్రాడు పోయిన మరుసటి ఏడు శ్రావణంలో అన్న నుంచి కాలేజీకి ఫోను వచ్చింది. “అవ్వ రమ్మంటాంది. గీ ఐతారం వాళ్ల ఊర్ల బోనాలు. డప్పు చాటిచ్చిండ్రు. నేను గూడ పోతున్న, నువ్వు బస్సు దిగినకాడ నిలబడు.”

వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. గుమ్మానికి కొత్త వేపమండలు, గడపకి తడి పసుపు. మనవరాలు కొత్త గౌను వేసుకుని డప్పుల వైపు పరిగెత్తుతోంది. అవ్వ నా చేతిలో పళ్లెం పెట్టింది, తినమంది.

“అవ్వా, తప్పు నాదే. మీ బోనాల తారీఖు నేను తప్పుగా రాశాను.” ఏడాదిగా మనసులో తిప్పుకున్న మాట అది. చుట్టూ జనం ఉన్నారు. అయినా పైకే చెప్పాను.

అవ్వ కొంగుతో పళ్లెం అంచు తుడిచింది.

“నాకు ఎరుకైంది బిడ్డా. గా సారు రెండు వారాలు పనికి పోయిండన్నప్పుడే ఎరుకైంది. గట్లెట్లయితది అనుకున్న. మల్ల అనుకున్న, గామె సదువుకున్నది, నేనే యాది మరిసిన్నేమో, కడుపు కాలినదాన్ని గద, నాకే ఐతారాలు కలిసిపోయినయేమో అని. గందుకే నువ్వు రాసిందే నిజమనుకోని ఊకున్న.”

నా తప్పు క్షమించడానికి కూడా వీలు లేకుండా, దాన్ని ఆమె తన మీద వేసుకుంది. తన కొడుకుని ఎప్పుడు తీసుకుపోయారో తనకి తెలుసునన్న నమ్మకాన్ని నా చేతిరాత ఆమె దగ్గర నుంచి లాక్కుంది. ఫెలోషిప్‌లో నేను చేసిన పని అది.

“కాగితమున్నదా?” అంది అవ్వ.

సంచిలో డైరీ ఉంది. తీశాను.

“రాయి. ఇయ్యాల మా ఊరి బోనాలు. ఇయ్యాల్టి తారీకు రాయి. బోనాల ఐతారం నాడు పొద్దుగూకంగ నా కొడుకును జీపుల తీస్కపోయిండ్రు. తడి కాళ్లతోని. రాసినవా? ఇగ సదువు.”

అన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఇరుగుపొరుగు వాళ్లు దగ్గరికి జరిగారు. చదివాను. రెండుచోట్ల ఆగి మళ్లీ మొదలుపెట్టాను. అవ్వ ప్రతి మాటకీ తల ఊపుతూ విన్నది. అయిపోయాక వేలు చాపింది. నా దగ్గర ఇంకు ప్యాడు లేదు. గడప మీది పసుపు అద్దుకుని తనే ముద్ర వేసింది.

“అవ్వా, ఈ తారీఖు ప్రతి ఏడూ మారుతుంది. పోయిన ఏడాది వేరే తారీఖు,” అన్నాను. ఈసారైనా సరిగ్గా చెప్పాలని.

“మారనీ,” అంది. “నువ్వు యేటా వచ్చి రాయి.”

ఇప్పుడు ఆ ఊరికి బస్సు ఉంది. జవహర్‌నగర్ దగ్గరికి రాగానే వాసనకి అందరూ కిటికీలు మూసేస్తారు, అది దాటాక మళ్లీ తెరుస్తారు. మనవరాలు తొమ్మిదో తరగతికి వచ్చింది. పోయిన ఏడు నుంచి పైకి చదివేది ఆ పిల్లే. నేను రాస్తాను, తను చదువుతుంది, అవ్వ వింటుంది. తారీఖు కోసం నేను క్యాలెండరు చూడను. ఆషాఢం వెళ్లగానే ఆ ఊరికి ఫోను చేసి, చాటింపు అయిందా అని అడుగుతాను.